డేవ్‌కి వీడ్కోలు: పన్నెండు పుస్తకాలూ అయిపోయాక అందరూ అడుగుతున్న ప్రశ్నలు

పోయిన ఏడాది విశాఖపట్నం ఎమ్వీపీ కాలనీలో మా డాబా మీద ఆరుగురం కూడి ఒక డిటెక్టివ్ నవలల సిరీస్ చదవడం మొదలుపెట్టాం. నెలకో పుస్తకం, రెండో ఆదివారం, సాయంత్రం అయిదింటికి. పన్నెండు నెలలు, పన్నెండు నవలలు. అయిపోయాయి. "అయ్యో, ఇంకేం చేస్తారిప్పుడు?" అని అడిగేవాళ్లు కొందరు. "అసలేంటండీ అది?" అని అడిగేవాళ్లు చాలామంది. ప్రతివాళ్లకీ ఫోన్లో మొదటినుంచీ చెప్పుకొచ్చే ఓపిక లేక ఇక్కడ రాసి పెడుతున్నాను. నేను జీవిత బీమా ఆఫీసులో, క్లెయిముల సెక్షన్లో ముప్ఫై ఒక్క ఏళ్లు చేసి రిటైరైనవాణ్ణి. జవాబులు అక్కడక్కడా ఫైలు నోటింగులా ఉంటే ఏమనుకోకండి.

ఇంతకీ ఏ సిరీస్?

జోసెఫ్ హాన్సెన్ రాసిన డేవ్ బ్రాండ్‌స్టెటర్ నవలలు. మొదటిది ఫేడౌట్, 1970లో వచ్చింది. పన్నెండోది ఎ కంట్రీ ఆఫ్ ఓల్డ్ మెన్, 1991. కథలన్నీ లాస్ ఏంజెలిస్‌లోనూ, ఆ చుట్టుపక్కల సముద్రం ఒడ్డు ఊళ్లలోనూ జరుగుతాయి. డేవ్ బీమా కంపెనీ తరఫున చావుల్ని విచారించే మనిషి. గే. ఆ సంగతి ఏ మలుపులోనో బయటపడే రహస్యం కాదు. మనిషికి కళ్లజోడున్నంత మామూలుగా మొదటినుంచీ ఉంటుంది. 1970లో అలా రాయడమే వింత. కాలిఫోర్నియాలో ఇద్దరు మగవాళ్ల సంబంధాన్ని నేరంగా చూసే చట్టాన్ని రద్దు చేసింది 1975లో. అంటే మొదటి మూడు పుస్తకాలు అచ్చయ్యే నాటికి మన హీరో చట్టం కళ్లకి నేరస్థుడే. హంతకుల్ని పట్టిచ్చే నేరస్థుడు.

బీమా ఆఫీసువాడు డిటెక్టివేంటండీ?

ఇది అడిగినప్పుడల్లా నాకు కొంచెం పౌరుషం వస్తుంది.

పాలసీ కట్టడం మొదలెట్టిన కొద్ది కాలానికే మనిషి పోతే మా ఆఫీసు భాషలో ఎర్లీ క్లెయిమ్ అంటాం. ఇన్సూరెన్స్ చట్టంలో 45వ సెక్షనని ఒకటుంది. పాలసీకి మూడేళ్లు నిండాక కంపెనీ ఇక దాన్ని తిరగదోడడానికి లేదు. 2015 సవరణకి ముందు ఆ గడువు రెండేళ్లు, మోసం చేశారని రుజువైతే మినహాయింపు. గడువు లోపల పోతే మాత్రం ఆఫీసు నుంచి ఒకరు ఊరెళ్లి విచారించాలి. చోడవరం, పాడేరు, భీమిలి, ఎలమంచిలి, నేను దిగని బస్టాండు లేదు. వెళ్లి చేసేదేముంది? ఎదురింటి అరుగు మీద కూర్చుంటాం. మందుల షాపులో కబుర్లాడతాం. ఆసుపత్రి రిజిస్టర్లో అడ్మిషన్ తేదీ చూస్తాం. చనిపోయినాయన భార్య ఏడ్చిన మొహంతోనే లోపలికెళ్లి టీ పెట్టి తెస్తుంది. ఆ టీ తాగాలా మానాలా అన్నది ముప్ఫై ఏళ్లలో నాకు తేలలేదు. తాగితే చుట్టమైపోతాం, మానేస్తే పోలీసైపోతాం.

డేవ్ పని అచ్చంగా అదే. అరెస్టు చేసే అధికారం లేదు, ఎవరూ ఆయనకి జవాబు చెప్పాల్సిన పని లేదు. తలుపు తడతాడు, కూర్చుంటాడు, అడుగుతాడు, గోడ మీద ఫొటోలు చూస్తాడు. హాన్సెన్ గదుల్ని వర్ణించే తీరు చూస్తే ఈయన కచ్చితంగా ఎక్కడో క్లెయిములు చూశాడనిపిస్తుంది. చూళ్లేదుట.

మరి రాసినాయన ఎవరు?

1923లో సౌత్ డకోటాలో పుట్టాడు, 2004లో పోయాడు. మొదట్లో జేమ్స్ కోల్టన్ అనే మారుపేరుతో రాశాడు. 1960ల్లో స్వలింగ ప్రేమికుల పత్రికలకి సంపాదకత్వం చేశాడు. హాలీవుడ్‌లో 1970 నాటి మొదటి ప్రైడ్ ఊరేగింపు ఏర్పాట్లలో చెయ్యేశాడు. ఫేడౌట్‌ని అచ్చేసేవాళ్లు దొరక్క కొన్నేళ్లు తిరిగాడు. చివరికి హార్పర్ అండ్ రోలో డిటెక్టివ్ నవలలు చూసే జోన్ కాన్ అనే సంపాదకురాలు తీసుకుంది. ఇంట్లో సంగతి ఇంకా చిత్రం. 1943లో జేన్ బాన్‌క్రాఫ్ట్ అనే ఆవిణ్ణి పెళ్లి చేసుకున్నాడు, ఆవిడ లెస్బియన్. 1994లో ఆవిడ పోయేదాకా, 51 ఏళ్లు, ఆ కాపురం నిలిచింది. మా అమ్మకి ఈ ముక్క చెబితే రెండు నిమిషాలు ఆలోచించి, "పోనీలే, ఒకళ్లకొకళ్లు తోడు" అంది.

ఇది ప్రేమకథా, హత్యకథా?

హత్యలు పుస్తకానికొకటి రెండు తేలిపోతాయి. ప్రేమ మాత్రం పన్నెండు పుస్తకాల పొడుగునా నడుస్తుంది. ఫేడౌట్ తెరిచేసరికి డేవ్‌తో ఇరవై ఏళ్లకి పైగా కాపురమున్న రాడ్ ఫ్లెమింగ్ క్యాన్సర్‌తో పోయి కొన్ని వారాలే అయింది. పడగ్గది రాడ్ సర్దినట్టే ఉంది. డేవ్‌కి అందులో పడుకోవాలనీ లేదు, దాన్ని మార్చాలనీ లేదు. అలాంటి మనిషి ఆఫీసు పని మీద వంతెన మీంచి కారు పడిపోయి శవం దొరకని కేసు చూడ్డానికి బయల్దేరతాడు. సొంత చావుని మోసుకుంటూ పరాయి చావుల ఇళ్లకి వెళ్లడం, సిరీస్ అంతటికీ అదే పునాది. ఆ తర్వాత డగ్ సాయర్ వస్తాడు. తర్వాత సెసిల్ హారిస్ అనే నల్లజాతి కుర్రాడు, టీవీ వార్తల్లో పనిచేస్తాడు. వాళ్లకి తగాదాలొస్తాయి, అలుగుతారు, విడిపోతారు, వంట చేసుకుంటారు. చావుబతుకుల మాటలన్నీ తిండి దగ్గరే మాట్లాడుకుంటారు. అది మాత్రం తెలుగువాళ్ల పద్ధతే.

మీకు ఎక్కడ దొరికాయి?

1990ల మొదట్లో వన్ టౌన్‌లో ఒక పాత సామాన్ల కొట్టుండేది. ఓడల నుంచి దిగినవన్నీ అక్కడికి చేరేవి. దుప్పట్లు, గోడ గడియారాలు, టార్చిలైట్లు, ఓడలవాళ్లు చదివి పారేసిన ఇంగ్లీషు పేపర్‌బ్యాకులు. కొట్టతనికి ఇంగ్లీషు రాదు, అట్ట చూసి రేటు చెప్పేవాడు. ఆడబొమ్మ ఉంటే పది, తుపాకీ ఉంటే ఎనిమిది, రెండూ లేకపోతే మూడు. డెత్ క్లెయిమ్స్ నాకు మూడు రూపాయలకొచ్చింది. పేరు చూసి ఆఫీసు పనికి పనికొచ్చే పుస్తకమేమో అని కొన్నాను, ఒట్టు. తెరిస్తే సముద్రంలో మునిగి చనిపోయిన పుస్తకాల వ్యాపారి, అతని చావు మీద అనుమానపడే ఒక బీమా ఆఫీసరు. మధ్యలో ఒక పేజీలో ఆ ఆఫీసరు ఇంటికెళ్తే అక్కడ ఇంకో మగవాడున్నాడు. ఆ పేజీ మూడుసార్లు చదివాను, నాకొచ్చిన ఇంగ్లీషు సరిగ్గా అర్థమైందో లేదోనని.

మిగతావి ఇరవై ఏళ్ల పాటు దొరికాయి. కొన్ని హైదరాబాద్ ఆబిడ్స్‌లో, ఆదివారం ఫుట్‌పాత్ మీద. చివరి మూడూ అమెరికాలో ఉన్న మేనల్లుడు పంపాడు. మీకా అగచాట్లు అక్కర్లేదు. సోహో ప్రెస్ వాళ్లు 2022 నుంచి సిరీస్ అంతా మళ్లీ వేశారు. ఆన్‌లైన్లో, ఈబుక్కుగా దొరుకుతాయి.

నా కాపీల్లో స్కిన్‌ఫ్లిక్ మాత్రం ఎవరికీ ఇవ్వను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు పడమటి కిటికీ ఊడి వచ్చి పుస్తకాల బీరువా మీద పడింది. మర్నాడు కరెంటు లేదు, నీళ్లు లేవు, వీధిలో చెట్టన్నది లేదు. మావాడు డాబా మీద దుప్పటి పరిచి, తడిసిన పుస్తకాల్లో పేజీ పేజీకీ మధ్య పాత ఈనాడు ముక్కలు పెట్టి రెండ్రోజులు కాపలా కాశాడు. స్కిన్‌ఫ్లిక్ ఇప్పటికీ అప్పడంలా వంకర్లు తిరిగే ఉంటుంది. 112వ పేజీలో వంకాయల ధర అద్దుకుపోయింది.

ఈ "మావాడు" ఎవరు?

1994 నుంచీ నాతో ఉంటున్న మనిషి. రేషన్ కార్డులో లేడు. మిగతా అన్ని చోట్లా ఉన్నాడు.

వరసలోనే చదవాలా?

చదవాలి. హత్యల కోసమైతే ఎటునుంచి చదివినా ఫరవాలేదు. డేవ్ కోసమైతే మాత్రం మొదటినుంచే. పాత డిటెక్టివ్‌లు మనకి కొత్త కాదు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌ని అద్దె లైబ్రరీ నుంచి తెచ్చుకుని, తిరిగిచ్చే లోపల ఇంట్లో నలుగురం చదివేవాళ్లం. రోజుకింత అని అద్దె కదా, మా అక్క అన్నం తింటూ ఒక పేజీ, నేను దాని భుజం మీంచి అదే పేజీ. కానీ యుగంధర్‌కి జుట్టు నెరవలేదు. షాడోకి మోకాళ్ల నొప్పులు రాలేదు. డేవ్‌కి వస్తాయి. నలభై దాటిన మనిషిగా మొదలై, వయసు మీద పడుతూ, తండ్రిని పోగొట్టుకుని, ఆ తండ్రి కంపెనీలోంచి బయటపడి, సొంతంగా కేసులు చూసుకుంటూ, కొండ లోయలో ఇల్లు బాగుచేసుకుని, సిగరెట్లు మానలేక, మెట్లెక్కితే ఆయాసపడుతూ ముసలివాడవుతాడు. తండ్రి కార్ల్‌కి తొమ్మిది పెళ్లిళ్లు. తొమ్మిదో భార్య అమాండా కొడుకు కంటే చాలా చిన్నది, ఆయన పోయాక డేవ్‌కి మంచి స్నేహితురాలవుతుంది. మధ్యలోంచి మొదలెడితే ఇవేవీ అందవు.

ఉత్త పుస్తకాలకి ఇంత బాధేంటి, కాస్త ఎక్కువ కావట్లేదూ?

అవుతోంది. ఒక ఫైలు గురించి చెబుతాను, తర్వాత మీ ఇష్టం.

1990ల చివర్లో పోర్టులో పనిచేసే ఒకాయన క్లెయిమ్ నా టేబుల్ మీదికి వచ్చింది. నలభై అయిదేళ్ల మనిషి, పెళ్లి కాలేదు. చిన్న పాలసీ. నామినీ ఎక్కడో పల్లెటూళ్లో ఉన్న తమ్ముడు. డెత్ క్లెయిముకి కొన్ని ఫారాలుంటాయి. ఫారం ఏ క్లెయిమ్ అడిగేవాళ్లది, అందులో చనిపోయినవాళ్లకి మీరేమవుతారని ఒక గడి ఉంటుంది. ఫారం బి ఆఖర్న చూసిన డాక్టరుది. ఫారం సి అంత్యక్రియలకి సాక్షి ఇచ్చేది: ఫలానా మనిషి నాకు తెలుసు, శవాన్ని చూశాను, దహనమో ఖననమో అయినప్పుడు అక్కడున్నాను అని. ఈ ఫైల్లో ఫారం ఏ మీద తమ్ముడి సంతకం. ఫారం సి మీద ఇంకెవరిదో. "ఎన్నాళ్లుగా తెలుసు" అన్న చోట "పంతొమ్మిది సంవత్సరాలు" అని రాసుంది, గుండ్రటి అక్షరాలతో. అడ్రసు చూస్తే చనిపోయినాయన అడ్రసే.

డబ్బు తమ్ముడికి వెళ్లిపోయింది. సవ్యంగానే జరిగింది, రూలు ప్రకారమే. నెల్లాళ్లకి ఆ సాక్షి ఆఫీసుకొచ్చాడు. చేతిసంచీ, ఇస్త్రీ చొక్కా. డబ్బు ఊసెత్తలేదు. "సార్, నేను సంతకం పెట్టిన కాగితం జిరాక్స్ ఒకటిస్తారా" అన్నాడు. ఎందుకన్నాను. "మా ఇద్దరి పేర్లూ కలిసి ఉన్న కాగితం అదొక్కటేనండి" అన్నాడు.

క్లెయిమ్ ఫైల్లో కాగితాలు క్లెయిమ్‌దారు కానివాళ్లకి ఇవ్వకూడదు. ఇవ్వలేదు. ఇంకా రెండుసార్లొచ్చాడు. అప్పట్లో జిరాక్స్ అర్ధరూపాయి. అప్పటికి మావాడు మా ఇంట్లో ఉండబట్టి అయిదేళ్లు.

ఆ ఏడే ఫేడౌట్ దొరికింది. రాడ్ పక్క ఎలా ఉందో అలాగే వదిలేసి, గుమ్మంలో నిలబడ్డ డేవ్ దగ్గరికొచ్చేసరికి పుస్తకం మూసేశాను. వారం వరకూ మళ్లీ తియ్యలేదు.

ఇప్పుడు చట్టం మారింది కదా?

కొంత. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఇలాంటి సంబంధాన్ని నేరంగా చూసే 377వ సెక్షన్ కోర తీసేసింది, పెద్దవాళ్ల ఇష్టపూర్వక సంబంధం ఇప్పుడు నేరం కాదు. 2023 అక్టోబరు 17న అదే కోర్టు పెళ్లి హక్కు ఇవ్వలేమంది. 2024 ఆగస్టు 28న కేంద్ర ఆర్థిక శాఖ ఒక మాట స్పష్టం చేసింది: ఇలాంటి జంటలు బ్యాంకులో జాయింట్ అకౌంట్ తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ ఆంక్ష ఏమీ లేదు.

బీమా దగ్గర ఒక మెలిక ఉంది, అడిగారు గనక చెబుతున్నాను. 2015 సవరణతో తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే డబ్బు అచ్చంగా వాళ్లదే. వేరేవాళ్లు నామినీ అయితే డబ్బు పుచ్చుకోవడం వరకే, తర్వాత వారసులు అడగొచ్చు. అంచేత వీలునామా రాయండి. స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, మీ సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు. మాది రాసి అయిదేళ్లయింది. అంతకుముందు నా పాలసీలో మావాడి పేరు పక్కన "కజిన్ బ్రదర్" అనుండేది. మూడు దశాబ్దాలు మోసాల్ని పట్టుకున్న మనిషి రాసిన అబద్ధం అది.

హాన్సెన్‌కీ ఈ మెలిక తెలుసు. (కథ ముందే తెలియకూడదనుకుంటే ఈ పేరా వదిలెయ్యండి.) ద లిటిల్ డాగ్ లాఫ్డ్‌లో తండ్రిని పోగొట్టుకున్న ఒక గుడ్డి పిల్ల వస్తుంది. ఆ పిల్లని కాపాడ్డానికి వేరే దారి కనపడక సెసిల్ ఆమెను పెళ్లి చేసుకుంటాడు. దానికి చట్టం అడ్డు రాదు. డేవ్‌తో ఒకే కప్పు కింద ఏళ్లు గడిపినదానికి మాత్రం ఏ కాగితమూ లేదు. మా మీటింగులో ఆ వేళ ఎవరూ సమోసా ముట్టలేదు.

"గే" అనాలా, "స్వలింగ సంపర్కుడు" అనాలా?

మావాడైతే "స్వలింగ సంపర్కం" అనే మాట వినగానే కేజీహెచ్ ఆసుపత్రి ఓపీలో చీటీ రాయించుకుంటున్నట్టు ఉంటుందంటాడు. నేను గే అంటాను. తమాషా ఏంటంటే హాన్సెన్‌కి ఆ మాట పడేది కాదు, హోమోసెక్సువల్ అనే రాసేవాడు.

మీ గ్రూపులో దేనిమీద ఎక్కువ మాట్లాడుకున్నారు?

రెండిటి మీద.

నైట్‌వర్క్ ఒక లారీ డ్రైవరు చావుతో మొదలవుతుంది. విషపు వ్యర్థాల్ని రాత్రిళ్లు దొంగతనంగా పారబోసే ముఠా వరకూ వెళ్తుంది. మాలో ఒకావిడది గోపాలపట్నం. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకై పన్నెండుమంది పోయినప్పుడు అత్తగారిని బండి మీద కూర్చోబెట్టుకుని, ఎటు వెళ్తున్నదీ తెలియకుండా సింహాచలం రోడ్డు మీదికి వచ్చిందావిడ. పుస్తకం గురించి తక్కువ, ఆ రాత్రి గురించి ఎక్కువ మాట్లాడాం. చీకటి పడ్డా ఎవరూ లేవలేదు.

రెండోది ఎర్లీ గ్రేవ్స్, 1987. డేవ్ ఊరి నుంచి తిరిగొచ్చేసరికి తన గుమ్మంలోనే శవం. వరసగా చంపబడుతున్నవాళ్లందరికీ ఎయిడ్స్. ఎలాగూ చచ్చిపోయేవాళ్లని ఎవరైనా పనిగట్టుకుని ఎందుకు చంపుతారు? ఆ ప్రశ్నే కథని నడిపిస్తుంది. నా సర్వీసులో అలాంటి ఫైళ్లు చాలా చూశాను. ఫారం బిలో డాక్టరు "టీబీ" అని రాసేవాడు, ఇంటివాళ్లు "జ్వరమండీ" అనేవాళ్లు, నేను రాసుకునేవాణ్ణి. ప్రభుత్వం ఉచితంగా హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులివ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్‌లో. అంతకుముందు పోయినవాళ్ల ఫైళ్లలో ఎక్కడా అసలు మాట ఉండదు. హాన్సెన్ పుస్తకంలో ఉంది.

లోపాల్లేవా మరి?

ఎందుకు లేవు? డేవ్‌కి డబ్బు చింత ఎప్పుడూ ఉండదు. జాగ్వార్‌లో తిరుగుతూ విచారణ చేసే క్లెయిమ్స్ మనిషిని చూసి నాకు ఒళ్లు మండేది, నాకు సిటీ బస్సు చార్జీలు మంజూరవ్వడానికే మూడు నెలలు పట్టేది. సెసిల్‌కీ ఆయనకీ వయసు తేడా చాలా ఎక్కువ. మాలో చిన్నవాళ్లిద్దరికీ అది మింగుడు పడలేదు, వాళ్ల వాదనలో పసుంది. హంతకులెవరో కొన్నింట్లో సగంలోనే తెలిసిపోతుంది. ద మాన్ ఎవ్రీబడీ వాజ్ అఫ్రెయిడ్ ఆఫ్ నాకు ఇప్పటికీ గందరగోళమే.

ఇంట్లో తెలియకుండా చదవొచ్చా?

ఇది పేరు చెప్పకుండా ఒక కుర్రాడు అడిగాడు. చదవొచ్చు నాన్నా. పాత అట్టల మీద ఉండేది శవాలూ సముద్రాలే. ఎవరైనా అడిగితే "ఇన్సూరెన్స్ గురించి" అని చెప్పు. అబద్ధం కాదు.

చివర్లో డేవ్ చనిపోతాడా?

చెప్పను. పన్నెండో పుస్తకం మొదలయ్యేసరికే ఆయన ఆరోగ్యం బాగోలేదని మాత్రం చెబుతాను. రిటైరయ్యాడు, ఇక కేసులొద్దన్నాడు. అప్పుడు పాత స్నేహితురాలు మాడ్జ్ డన్‌స్టన్‌కి బీచ్‌లో ఒంటరిగా ఒక చిన్న పిల్లాడు దొరుకుతాడు, మొహం మీద దెబ్బతో. ఎవర్నో చంపడం చూశానంటాడు. మాడ్జ్ అడిగితే డేవ్ కాదనలేడు. అలా ఆ ముసలాయన చివరిసారి తలుపులు తట్టడానికి బయల్దేరతాడు.

రచయిత ఎందుకు ఆపేశాడు? ఇంకో పది రాయొచ్చుగా?

రాస్తే యుగంధర్ అయిపోయేవాడు. మనిషికి వయసు పోస్తూ వచ్చాక ఎక్కడో ఒకచోట లెక్క చెప్పాలి. పన్నెండోదానికి 1992లో గే, లెస్బియన్ సాహిత్యానికిచ్చే లాంబ్డా పురస్కారం వచ్చింది. అదే ఏడు అమెరికా ప్రైవేట్ డిటెక్టివ్ కథా రచయితల సంఘం హాన్సెన్‌కి జీవితకాల సాఫల్య పురస్కారం ఇచ్చింది.

తర్వాత ఏం చదువుతారు?

మాలో సగంమంది మైకేల్ నావా రాసిన హెన్రీ రియోస్ నవలలంటున్నారు. లాయరు, మెక్సికన్ మూలాలు, మొదటిది 1986లో. అందులో ఇంకో ఊరటుంది. 2001లో ముగిసిందనుకున్న సిరీస్‌ని ఆయన చాలా ఏళ్లకి మళ్లీ తెరిచాడు. మిగతా సగంమంది ఆర్నెల్లు ఏమీ వద్దంటున్నారు. ఏడాది మైలలో కొత్తబట్టలెందుకన్నట్టు. నేను రెండో వైపు.

ఆఖరి మీటింగు ఎలా జరిగింది?

గొప్పగా ఏమీ జరగలేదు. ఆ రోజు సాయంత్రం బాగా ఉక్కపోత, సముద్రం వైపు నుంచి ఒక్క ఆకు కదల్లేదు. ఎవరో బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ కట్టించుకొచ్చారు, దారిలో మెత్తబడిపోయింది. గోపాలపట్నం ఆవిడ ఆఖరి పేజీ పైకి చదవడం మొదలెట్టి సగంలో పుస్తకం పక్కవాళ్లకిచ్చింది. వాళ్లు ఇంకొకళ్లకి. అలా ఆరు చేతులు మారి పేజీ పూర్తయింది. తర్వాత చిన్నవాళ్లలో ఒకడు, "అంకుల్, మీరు ఆ జిరాక్స్ ఇచ్చుండాల్సింది" అన్నాడు. అవునన్నాను.

మావాడు ఆ వేళ పైకి రాలేదు. పదకొండు మీటింగులకీ అందరికీ టీ పెట్టి, మూల కుర్చీలో కూర్చుని, వాదనలన్నిట్లో దూరినవాడు, పన్నెండోదానికి "మొక్కలకి నీళ్లు పోయాలి" అని కిందే ఉండిపోయాడు. ఆరోజు పొద్దున్న వాన పడింది.

అంటే ఆయన పన్నెండోది చదవలేదా?

లేదు. బీరువాలో శాలువాల కింద పెట్టాడు. "తొందరేముంది" అనేవాడు. అది పోయిన నెల వరకూ మాట.

మొన్న మధ్యాహ్నం కరెంటు పోతే విసనకర్ర కోసం బీరువా తెరిచాను. శాలువాల కింద పుస్తకం లేదు. అతని దిండు కింద ఉంది, 41వ పేజీ దగ్గర కరెంటు బిల్లు పెట్టి. నేను చూసినట్టు చెప్పలేదు. రాత్రి పడుకునేముందు లైటు తీసేసి, గోడవైపు తిరిగి, "మాడ్జ్ బానే ఉందా?" అన్నాడు.

ఉందన్నాను. అతనున్న పేజీ వరకూ అది నిజమే.